తాత చూసిన పొగ

ఏప్రిల్ 14 వచ్చిందంటే మా అపార్ట్‌మెంటు గేటు ముందు ఎర్ర బండి ఆగుతుంది. ఖాకీ బట్టల్లో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు దిగుతారు. గ్యాస్ సిలిండర్‌కు నిప్పంటించి, తడి గోనెసంచి కప్పి ఎలా ఆర్పాలో చూపిస్తారు. గోడకు ఒక బ్యానర్ కడతారు. అగ్నిమాపక వారోత్సవాలు, ఏప్రిల్ 14 నుంచి 20 వరకు. పిల్లలు చప్పట్లు కొడతారు, పెద్దవాళ్ళు బాల్కనీల్లోంచి చూసి లోపలికి వెళ్ళిపోతారు. నేను మాత్రం అందరికంటే ముందు దిగి, అందరి తర్వాత పైకెక్కుతాను. ఆ కుర్రాళ్ళకు మంచినీళ్ళో మజ్జిగో ఇచ్చేదాకా నా మనసు ఊరుకోదు.

ఈ వారం 14నే ఎందుకు మొదలవుతుందని చాలామంది అడగరు. అంబేడ్కర్ జయంతి సెలవు కాబట్టి ఆ రోజే పెట్టుకున్నారేమో అనుకుంటారు. కాదు. 1944లో ఆ రోజు బొంబాయి రేవులో ఒక సరుకు ఓడ పేలిపోయింది. ఆ మంటలను ఆర్పబోయి 66 మంది ఫైర్‌మెన్లు చనిపోయారు. వాళ్ళను తలుచుకోవడానికే దేశమంతా ఈ వారం జరుపుతున్నారు. ఆ ఓడ పేరు ఫోర్ట్ స్టికీన్. మా ఇంట్లో ఆ పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. తాత దాన్ని 'ఆ పత్తి ఓడ' అనేవాడు.

మా తాతది పాలమూరు. మక్తల్ వైపు ఒక చిన్న ఊరు. కృష్ణ దగ్గరే పారుతున్నా, పొలానికి మాత్రం వానే దిక్కు. వాన పడని ఏడు మగవాళ్ళందరూ రాయచూరు దాకా నడిచి, అక్కడ బొంబై బండి ఎక్కేవాళ్ళు. తాత కూడా అట్లాగే పోయాడు. కామాటిపుర గల్లీలో ఒక ఖోలీ, అందులో పదిమంది. కామాటిపుర అనగానే బయటివాళ్ళ మొహాలు మారిపోవడం నేను జీవితమంతా చూశాను. ఆ వాడకు ఆ పేరు వచ్చింది కామాటీల వల్ల. రాళ్ళు మోసి, సున్నం కలిపి, బొంబాయి కట్టిన తెలుగు కూలీల వల్ల. నేను పుట్టింది అక్కడే. తర్వాత బొంబాయి మునిసిపాలిటీ నడిపే తెలుగు మీడియం బడిలోనే చదివి, అలాంటి బడిలోనే పంతులమ్మనై, రిటైరై ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నాను.

తాత చేసింది గోదీ పని. డాకును బొంబాయిలో గోదీ అంటారు. ఓడలోంచి ఒడ్డున పడ్డ సరుకును షెడ్డులోకి, షెడ్డులోంచి వ్యాగన్లలోకి చేరవేయాలి. టోలీవాలా అని ఒక కాంట్రాక్టరు, వాడి కింద ముకద్దం, ముకద్దం కింద కూలీలు. ఏ రోజు పని ఆ రోజుదే. తాత ఆస్తి మొత్తం ఒక హుక్కు. ఇనుప కొక్కేనికి అడ్డంగా చెక్క పిడి. బస్తాకు గుచ్చి లాగడానికి, బేలును దొర్లించడానికి అదే. ఆ హుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. పిడి మధ్యలో అరిగి నాలుగు వేళ్ళకు నాలుగు పల్లాలు పడ్డాయి. కొక్కెం మొన మాత్రం ఇప్పటికీ వేలికి గుచ్చుకుంటుంది. ఆ పల్లాల్లో నా వేళ్ళు పెట్టి చూస్తాను అప్పుడప్పుడూ. నా చెయ్యి చిన్నది, నా చిటికెన వేలు తాత ఉంగరం వేలు పల్లం దాకానే అందుతుంది.

తాతకు ఎడమ చెవి వినబడేది కాదు. అందుకే చిన్నప్పుడు మేమందరం ఆయన కుడిపక్క కూర్చోవడానికి కొట్టుకునేవాళ్ళం. చెవి ఎట్లా పోయింది తాతా అంటే "ఓడ తినేసింది బిడ్డా" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు. కొన్ని సంగతులు మాత్రం అడిగితే చెప్పేవాడు, ఎన్నిసార్లు అడిగినా చెప్పేవాడు. ఒక ఓడ గాలిలోకి లేచి గోదాం మీద కూచున్న కథ వాటిలో ఒకటి. మేము నమ్మేవాళ్ళం కాదు. ఆంజనేయుడు సంజీవిని తెచ్చినట్టే ఇదీ ఒక కథ అనుకునేవాళ్ళం.

ఆ పత్తి ఓడ గురించి నేను పెద్దయ్యాక, పంతులమ్మ ఉద్యోగంలో చేరాక, సెలవుల్లో లైబ్రరీలో కూర్చుని తెలుసుకున్నాను. అది పుట్టింది కెనడాలో, బ్రిటిష్ కొలంబియా ఉత్తరపు కొసన ఉన్న ప్రిన్స్ రూపర్ట్ అనే చిన్న రేవు ఊరిలో, 1942లో. అప్పుడు జర్మన్ సబ్‌మెరీన్లు అట్లాంటిక్‌లో బ్రిటన్ సరుకు ఓడలను ఒకదాని తర్వాత ఒకటి ముంచేస్తున్నాయి. మునిగేవాటికంటే వేగంగా కొత్తవి కట్టాలి. ఒకే నమూనా, ఒకే కొలతలు, పదివేల టన్నుల సరుకు మోసే ఓడలు. కెనడా రేవుల్లో వాటిని వరసపెట్టి కట్టారు. అమెరికా వాటిని కొని యుద్ధకాలానికి బ్రిటన్‌కు ఇచ్చింది. ఈ వరసలో ఓడలన్నింటికీ పాతకాలపు కోటల పేర్లు పెట్టారు. బొచ్చు తోళ్ళ వ్యాపారం కోసం వెలసిన కోటలే వాటిలో ఎక్కువ. స్టికీన్ అన్నది అటువైపు పారే ఒక నది పేరు, ఆ నది దగ్గరి కోట పేరు. ఆవిరి ఇంజను, బొగ్గు పొయ్యి ఉన్న ఓడ. అందానికి చోటు లేదు, తొందరే ముఖ్యం.

మా చిన్న మేనత్త పుట్టింది కూడా 1942లోనే. ఆ ఓడ సంగతి చదివినప్పుడు నాకు తట్టింది అదే. అత్తకు ఇంకా మాటలు సరిగ్గా రాకముందే ఆ ఓడ పని అయిపోయింది. ఓడ అంటే పాతికేళ్ళయినా సముద్రం మీద తిరగాలి. దీనికి నిండా రెండేళ్ళు లేవు.

1944 ఫిబ్రవరి 24న అది ఇంగ్లండులో బర్కెన్‌హెడ్ నుంచి బయలుదేరింది. అప్పటికి మన ఈశాన్య సరిహద్దులో జపాను సైన్యంతో యుద్ధం జరుగుతోంది, ఏప్రిల్ నాటికి కొహిమా, ఇంఫాల్ ముట్టడిలో ఉన్నాయి. మందుగుండు కావాలి. ఓడలో 1,395 టన్నుల పేలుడు సామగ్రి ఎక్కించారు. టార్పెడోలు, మైన్లు, గుండ్లు. పెట్టెల్లో విడగొట్టి పెట్టిన స్పిట్‌ఫైర్ విమానాలు. ఇంకో పక్క 31 చెక్క పెట్టెల్లో 124 బంగారు కడ్డీలు, ఒక్కోటి దాదాపు పన్నెండున్నర కిలోలు. జిబ్రాల్టర్ దాటి, సూయజ్ దాటి కరాచీకి వచ్చింది. అక్కడ కొంత సరుకు దిగింది. ఖాళీ అయిన చోట పత్తి బేళ్ళు నింపారు. నూనె పీపాలు, కలప, పాత ఇనుము కూడా ఎక్కాయి. యుద్ధకాలంలో ఓడలో జానెడు చోటు కూడా ఖాళీగా పోనివ్వరు. పత్తి అడుగున, దాని పై అంతస్తులో మందుగుండు. ఇది చదివిన రోజు పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఇంట్లో దీపం పక్కన గడ్డిమోపు పెట్టని మా అవ్వ లాంటి వాళ్ళకు తెలిసిన సంగతి, అంత పెద్ద సర్కారుకు తెలియక కాదు గదా.

ఏప్రిల్ 12న ఓడ బొంబాయి విక్టోరియా డాకులో ఒకటో నంబరు బెర్తుకు వచ్చి కట్టుకుంది. మామూలు రోజుల్లో అయితే మందుగుండు ఓడను ఊరి రేవులోకి రానివ్వరు. దూరంగా లంగరు వేయించి, చిన్న పడవల్లోకి దించుతారు. ఓడ మీద ఎర్ర జెండా ఎగరాలి. యుద్ధం పేరు చెప్పి ఆ నియమాన్ని పక్కన పెట్టేశారు. జెండా కూడా ఎగరలేదు. ఆ డాకులో బస్తాలు మోసే వేలమందిలో ఎవరికీ, తాము అన్నం తింటున్న చోటికి నూరు గజాల్లో ఏముందో తెలియదు.

14 శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండున్నరకు కూలీలకు అన్నం గంట కొట్టారు. తాత వాళ్ళ టోలీ అదే డాకులో ఇంకో వైపు ధాన్యం బస్తాలు మోస్తోంది. షెడ్డు నీడలో కూర్చుని జొన్నరొట్టె మూట విప్పారు. మా ఊరివాళ్ళు ఆ టోలీలో నలుగురు. ఒంటిగంటన్నరకు మళ్ళీ పని మొదలైంది. ముకద్దం వచ్చి టోలీని రెండు చేశాడు. సగం మంది అక్కడే ఉండాలి, సగం మంది వాడీ బందర్‌కు పోయి వ్యాగన్లు నింపాలి. తాత వాడీ బందర్ పాయలో పడ్డాడు.

రెండు కావస్తుండగా ఓడ రెండో గదిలో మంట ఉందని పనివాళ్ళు కనిపెట్టారు. ఓడ వాళ్ళు నీళ్ళు వదిలారు. ఫైరింజన్లు వచ్చాయి. పైపు మీద పైపు వేసి 900 టన్నులకు పైగా నీళ్ళు ఆ గదిలోకి పంపారు. మంట ఎక్కడుందో మాత్రం పొగలో కనిపించలేదు. నీళ్ళు నిండేకొద్దీ కాలుతున్న పత్తి తేలుతూ పైకి, మందుగుండు అంతస్తు వైపు లేచింది. లోపలి నీళ్ళు సలసల మరిగాయి. ఓడ పక్క ఇనుము ఒకచోట వేడెక్కి, రంగు బొబ్బలు కట్టింది. అదే మంట చోటని అప్పుడు తెలిసింది. ఓడను అక్కడే ముంచేద్దామని ఒకరు, లాక్కెళ్ళి సముద్రంలో వదిలేద్దామని ఒకరు. అందరూ పెద్ద ఆఫీసర్లే, అందరి మీదా పెత్తనం ఉన్నవాడు మాత్రం ఎవరూ లేడు. అటు ఇటు తేలకుండా గంటలు గడిచాయి. 3 గంటల 50 నిమిషాలకు మంట ఓడ పైకి లేచింది, అందరినీ దిగిపొమ్మన్నారు. 4 గంటల 6 నిమిషాలకు పేలింది. కెప్టెన్ అలెగ్జాండర్ నైస్మిత్ ఆ పేలుడులోనే పోయాడు. పైపులు పట్టుకుని నిలబడ్డ ఫైర్‌మెన్లు నిలబడ్డ చోటే పోయారు.

అరగంట తిరక్కుండా, 4 గంటల 34 నిమిషాలకు, నాలుగో గదిలోని సరుకు పేలింది. అది మొదటిదానికంటే పెద్దది. దాదాపు 1,400 కిలోమీటర్ల దూరాన సిమ్లాలో భూకంపాలు కొలిచే యంత్రం ఆ అదురును రాసుకుంది. పన్నెండు కిలోమీటర్ల దూరం వరకు కిటికీ అద్దాలు పగిలాయి. ఓడ ప్రొపెల్లర్ ముక్క ఒకటి ఎగిరి వెళ్ళి సెయింట్ జేవియర్ బడిలో పడింది. మండుతున్న పత్తి బేళ్ళు మాండ్వి, మస్జిద్ బందర్ ఇళ్ళ మీద వానలాగా కురిశాయి. పదికి పైగా ఓడలు నాశనమయ్యాయి. జపాను విమానాలు వచ్చి బాంబులేశాయని ఊరంతా పుకారు. జనం చేతికి దొరికింది పట్టుకుని స్టేషన్ల వైపు పరిగెత్తారు.

తాత వాడీ బందర్‌లో వ్యాగన్ మీద నిలబడి ఉన్నాడు. మొదటిదానికి కింద పడ్డాడు. లేచి, ఏమైందో తెలియక గోదీ వైపే పోయాడు. అక్కడున్న మా ఊరివాళ్ళ కోసం. రెండోది పేలినప్పుడు ఎడమ చెవి పోయింది. అక్కడి నుంచి ఆయనకు గుర్తున్నది ఒక్కటే. చుట్టూ అందరూ నోళ్ళు తెరిచి అరుస్తున్నారు, చప్పుడు మాత్రం లేదు. మా ఊరి నలుగురిలో ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ళ శవాలు కూడా దొరకలేదు. ఒకాయన రుమాలు దొరికిందని తాత తెచ్చి ఆయన భార్యకు ఇచ్చాడట. అది నిజంగా ఆయనదేనా అని అవ్వ అడిగితే తాత మాట్లాడలేదట.

మంటలు మూడు రోజులకు గానీ అదుపులోకి రాలేదు. ఎంతమంది పోయారన్నదానికి ఇప్పటికీ ఒక్క లెక్క లేదు. 800 అని ఒక చోట, 1,300 అని ఒక చోట. ఫైర్‌మెన్లకు లెక్క ఉంది, పోలీసులకు ఉంది, ఓడ మనుషులకు ఉంది. ఆ రోజు పని ఆ రోజే చూసుకునే కూలీకి ఏ రిజిస్టరులో పేరుంటుంది? 80,000 మంది ఇళ్ళు పోగొట్టుకున్నారు. 50,000 టన్నులకు పైగా తిండిగింజలు కాలిపోయాయి. అంతకుముందు ఏడే బెంగాల్లో జనం తిండి లేక చనిపోయారు. కాలిన బియ్యం వాసన వారాల తరబడి ఉండిందనీ, ఆ వాసనకు ఆకలీ, వాంతీ రెండూ ఒకేసారి వచ్చేవనీ తాత చెప్పేవాడు. బియ్యం మాడిన వాసన వస్తే ఆయన ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. మా అమ్మ కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఒకసారి ఎసరు మరిచిపోయి గిన్నె మాడిందట. ఆయన లేచి గల్లీలోకి పోయి చీకటి పడేదాకా రాలేదట. నా మీద కోపమొచ్చిందేమోనని అమ్మ ఏడ్చింది. అవ్వ అప్పుడు ఆమెను కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది.

ఊళ్ళో అవ్వకు నెల రోజుల దాకా ఏమీ తెలియదు. సర్కారు వార్తను బిగబట్టింది. జపాను వాళ్ళ చేతిలో ఉన్న సైగాన్ రేడియో మర్నాడే చెప్పేసింది, మన పత్రికలకు మాత్రం మే రెండో వారం దాకా రాయడానికి లేదు. ఊరికి పత్రిక వచ్చేది కాదు, వచ్చినా అవ్వకు చదువు లేదు. బొంబై నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు రాయచూరు బండి దిగి చెప్పిన మాటలే వార్తలు. ఒకరు బొంబై మొత్తం మునిగిపోయిందన్నారు, ఒకరు గోదీలో మనిషన్నవాడు మిగల్లేదన్నారు. ఒళ్ళో రెండేళ్ళ మా అత్త, పక్కన పన్నెండేళ్ళ మా నాన్న. అవ్వ తాళి తియ్యలేదు, ముక్కుపుల్ల తియ్యలేదు. "నాకు ఎవ్వలన్న వచ్చి సెప్పిండ్రా? సెప్పనిది నేనెందుకు తియ్యాలె?" అని అందట చుట్టాలతో. తాత వైశాఖం ఎండల్లో ఒకనాడు మధ్యాహ్నం నడిచి వచ్చాడు. అవ్వ పిలిస్తే ఆయనకు వినబడలేదు, ఎడమ పక్కనుంచి పిలిచింది కాబట్టి. దయ్యమనుకున్నానని అవ్వ ఎన్నోసార్లు చెప్పింది.

రెండు వారాలుండి మళ్ళీ పోయాడు. ఎందుకు పోనిచ్చావు అవ్వా అంటే, పోకపోతే ఏం తింటుంటిమి అనేది. అప్పుడు గోదీలో కూలీకి కరువు లేదు. 5 లక్షల టన్నుల శిథిలాలు ఎత్తాలి. 8,000 మంది ఏడు నెలలు ఎత్తారు. తాత వాళ్ళలో ఒకడు. తన ఊరివాళ్ళు పోయిన చోట, అదే హుక్కుతో.

మేము పిల్లలం అడిగేదల్లా బంగారం గురించి. ఆ కడ్డీలు పేలుడుకు ఊరంతా చెదిరిపడ్డాయి కదా. ఒక కడ్డీ దాదాపు మైలు దూరంలో ఒక పార్శీ పెద్దాయన ఇంటి బాల్కనీలో పడితే ఆయన తీసుకెళ్ళి అప్పగించాడు. రేవు అడుగున పూడిక తీసినప్పుడల్లా, ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా ఒకటీ అరా దొరుకుతూ వచ్చాయి. నీకు దొరకలేదా తాతా అని అడిగితే ఆయన రెండు చేతులూ చాపి చూపేవాడు. "నాకు చెప్పులు దొరికినయ్ బిడ్డా. శానా చెప్పులు. అన్ని ఒంటి చెప్పులే." మేము నవ్వేవాళ్ళం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నాకు నిద్ర రాదు.

గోదాం మీద కూచున్న ఓడ సంగతి చెప్పాలి. లైబ్రరీలో ఆ పుస్తకం తిరగేస్తుంటే ఒక ఫొటో కనబడింది. కూలిన షెడ్డు, దాని మీదికి ఎక్కి నిలబడ్డ ఓడ వెనకభాగం. నిజం. తాత చెప్పింది అక్షరాలా నిజం. దాని పేరు జలపద్మ. దాదాపు నాలుగువేల టన్నుల ఓడ, ఆ డాకులోనే ఉండింది. పేలుడుకు లేచిన నీటి కెరటం దాన్ని అరవై అడుగుల ఎత్తు లేపి ఒడ్డు మీద పడేసింది. అది సింధియా కంపెనీ ఓడ. మన విశాఖపట్నంలో ఓడల కార్ఖానా మొదలుపెట్టిన సింధియానే. 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేస్తే, 1948 మార్చిలో నెహ్రూ అక్కడ కట్టిన మొదటి ఓడను నీళ్ళలోకి పంపారు, దాని పేరు జల ఉష. వాళ్ళ ఓడలకు ఆ 'జల' ఇంటిపేరు లాంటిది. మా అమ్మాయి పెళ్ళయి విశాఖలో ఉంటున్నప్పుడు నేను వెళ్ళాను. సిటీ బస్సులో కండక్టరు "సింధియా, సింధియా" అని అరిచాడు. నా పక్కన కూర్చున్నామె ఏమైందమ్మా అని అడిగేదాకా నా కళ్ళు నిండినట్టు నాకే తెలియలేదు. ఆ ఫొటో చూసే నాటికి తాత పోయి చాలా ఏళ్ళయింది. నమ్మలేదు గదా నిన్ను అని ఒక్క మాట చెప్పుకోవడానికి ఆయన లేడు.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. దీని చుట్టూ తిరుగుతున్నాను.

తాతకు ఒక అలవాటు ఉండేది. పొగ కనబడితే ఊరుకోడు. మేమందరం వరస గదుల్లో ఉండే చాల్‌లో ఎవరి పొయ్యి పొగ వచ్చినా పోయి తలుపు తట్టేవాడు. రాత్రి రెండు మూడుసార్లు లేచి మా ఇంటి పొయ్యి ముట్టి చూసేవాడు, బూడిదలో వేలు పెట్టి. తర్వాత నాలుగిళ్ళ ముందు నిలబడి వాసన చూసేవాడు. ఇరుగుపొరుగు విసుక్కునేవాళ్ళు, కొందరు పిచ్చి ముసలోడనేవాళ్ళు. వానాకాలంలో ఒకసారి ఎదురు గల్లీలో మూడో అంతస్తు కిటికీలోంచి పొగ వస్తే నన్ను పరుగెత్తించాడు. నాకు పదమూడేళ్ళు. పోయి చూస్తే సాంబ్రాణి. వాళ్ళు నవ్వారు, నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగొచ్చి తాత మీద అరిచాను. నీవల్ల నా పరువు పోయిందన్నాను. ఆయన ఏమీ అనలేదు. రాత్రి అందరూ పడుకున్నాక నన్ను వరండాలోకి పిలిచాడు. నేను ఎడమ పక్క కూర్చుంటే లేపి కుడి పక్క కూర్చోబెట్టుకున్నాడు.

"నేను చూసిన బిడ్డా" అన్నాడు.

ఏం చూశావన్నాను.

"ఆ పత్తి ఓడ పొగ. రొట్టె తింటుంటే చూసిన. గాలి గొట్టంలకెల్లి సన్నగ వస్తుండె. ఓడల బువ్వ వండుతుండ్రేమో అనుకున్న. ఎవలన్న చూస్తరు తియ్, మనకెందుకని రొట్టె తిన్న. నీళ్ళు తాగిన. ముకద్దం పిలిస్తే లేచిపోయిన."

ఇంకేమీ చెప్పలేదు. ఆయన చెయ్యి నా తల మీద ఉంది, వణుకుతోంది. పదమూడేళ్ళ పిల్లను, ఏమనాలో నాకు తెలియలేదు. పోనీలే తాతా, పడుకో అన్నాను. ఎంత చిన్న మాట అన్నాను. మళ్ళీ ఆ సంగతి మా మధ్య రాలేదు. 1971లో ఆయన పోయాడు. చివరి రోజుల్లో మంచం మీంచి లేవలేనప్పుడు కూడా, "పొయ్యి ఆర్పినవా?" అని మా అమ్మను అడుగుతూనే ఉన్నాడు.

లైబ్రరీలో నేను వెతికింది ఆ ఓడ కోసం కాదు, ఆ పొగ కోసం. తర్వాత విచారణ జరిగింది. బేళ్ళ మధ్య ఎవరో పారేసిన సిగరెట్టు ముక్క వల్లే అయ్యుండాలని అనుకున్నారు. ఆ పేజీల్లోనే ఇంకో సంగతి ఉంది. పక్క ఓడల మీద ఉన్నవాళ్ళు కొందరు, చదువుకున్నవాళ్ళు, సముద్రం తెలిసినవాళ్ళు, మధ్యాహ్నం అన్నం గంట నుంచే ఆ గొట్టంలోంచి సన్నగా పొగ రావడం చూశారు. ఎవరూ కంగారు పడటం లేదు గదా, చూసుకునేవాళ్ళు చూసుకుంటున్నారని ఊరుకున్నారు. మా తాత అనుకున్నట్టే, అదే మాట. ఆ పేజీని నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. లైబ్రరీ మూసే గంట కొట్టినా లేవలేకపోయాను.

విక్టోరియా డాకు ఇప్పుడు లేదు. పెట్టెలు పేర్చడానికి ఆ నీళ్ళను పూడ్చేశారు. కంటైనర్లు వచ్చాక హుక్కులతో పని లేకుండా పోయింది, టోలీవాలాలు అంతకు చాలా ముందే పోయారు.

ఆ పేజీ చదివిన ఏడు ఎండాకాలం సెలవులకు ఊరికి పోయాను. అవ్వకు అప్పటికి ఎనభై దగ్గర పడుతున్నాయి. వాకిట్లో వేపచెట్టు కింద నులక మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను కూడా ఒక గంప ముందు పెట్టుకుని కూర్చున్నాను. తాత నాకు ఆ రాత్రి చెప్పిన మాట చెప్పాను. ఆమెకు తెలుసు. ఊరికి నడిచొచ్చిన రోజే చెప్పాడట. అప్పుడు నేను చదివింది చెప్పాను. ఒక్క తాతే కాదు అవ్వా, ఓడల మీద ఆఫీసర్లు గూడ చూసిండ్రు, వాళ్ళు గూడ ఊరుకున్నరు, కోర్టు లెక్క విచారణ అయితే చెప్పిండ్రు, పుస్తకంల అచ్చయింది.

అవ్వ చేతిలో చింతపండు అట్లాగే ఉంది. "ఆళ్ళు గూడ చూసిండ్రా?" అంది. ఔనన్నాను. చాలాసేపు గింజ తియ్యలేదు.

"ముందుగాల తెల్సుంటే, ముసలోడు జర నిద్రన్న పోతుండె" అంది.